‘ఒప్పుకున్నట్టే’: ఒక చట్టకల్పన చరిత్ర

1

‘మౌనం అర్ధాంగీకారం’ అన్న మాట మన దగ్గర పెళ్ళిచూపుల నుంచి పంచాయితీల దాకా చలామణీ అవుతూనే వుంది. ఆ మాటలో ఒక జాగ్రత్త వున్నది. మౌనాన్ని అర్ధాంగీకారం అన్నారే గాని పూర్తి అంగీకారం అనలేదు. మిగిలిన సగం ఎవరి నోటి నుంచి రావాలో వారి నోటి నుంచే రావాలి. అమెరికాలో 1953 నుంచి రాష్ట్రాల శాసనసభలు ఆ మిగిలిన సగాన్ని కూడా తామే పూరించుకోవడం మొదలుపెట్టాయి. రోడ్డు మీద మోటారు నడిపే ప్రతి మనిషీ, తాగి నడుపుతున్నాడన్న అనుమానంతో పోలీసులు పట్టుకున్నప్పుడు తన ఊపిరినో రక్తాన్నో రసాయనిక పరీక్షకు ఇవ్వడానికి ముందుగానే ఒప్పుకున్నట్టు భావించాలని అవి చట్టం చేశాయి. మౌనంగా వున్నవాడే కాదు, గట్టిగా ‘వద్దు’ అన్నవాడు కూడా ఒకప్పుడు ఒప్పుకున్నవాడే. కొన్ని రాష్ట్రాల్లో స్పృహ తప్పి పడివున్నవాడు కూడా ఒప్పుకున్నవాడే.

ఈ ‘ఒప్పుకున్నట్టే’ అన్న మాటను కాదంటూ కోర్టులకెక్కినవారి అప్పీళ్ళ చరిత్రే ఈ వ్యాసానికి విషయం. నేను న్యాయవాదిని కాను, బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఈ తీర్పులను నేను చదివింది వాచకాలుగానే. అయితే ‘అంగీకారం’, ‘సాక్ష్యం’, ‘మాట’, ‘చేష్ట’ అనే నాలుగు పదాలకు అర్థం నిర్ణయించడం మీదనే ఆ అప్పీళ్ళన్నీ నడిచాయి. పదాల అర్థంతో నిత్యం పనిచేసే రచయితలూ సాహిత్య విద్యార్థులూ ఆ చరిత్ర తమది కాదని పక్కకు నెట్టడానికి వీలులేదని నా అభిప్రాయం.

మొదటనే ఒక మాట స్పష్టం చేయాలి. తాగి బండి నడిపేవాడి స్వేచ్ఛను కీర్తించడం నా ఉద్దేశం కాదు. వాడి చక్రాల కింద పడేది ఎక్కువగా కాలినడకన పోయేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు, రోడ్డు పక్కన పనిచేసేవాళ్ళు. ఆ చావులను అరికట్టవలసిన బాధ్యత రాజ్యానిది. ఆ బాధ్యత నెరవేర్చడానికి రాజ్యం ఎంతవరకు పోవచ్చు, తాను చేసే పనికి ఏ పేరు పెట్టుకోవచ్చు అన్నదే ఇక్కడ ప్రశ్న. నిజమైన అవసరమూ అబద్ధపు పేరూ ఒకే చట్టంలో కలిసి వుండవచ్చు. ఈ చరిత్రలో జరిగింది అదే.

2

తాగి మోటారు నడపడాన్ని నేరం చేస్తూ న్యూయార్కు రాష్ట్రం 1910లోనే చట్టం తెచ్చింది. కాని తాగాడని రుజువు చేయడం ఎట్లా? చాలాకాలం పోలీసువాడి ముక్కే సాధనం, కన్నే సాధనం. వాసన వచ్చింది, తూలాడు, కళ్ళు ఎర్రబడ్డాయి, మాట తడబడింది అని అతడు కోర్టులో చెప్పేవాడు. కావని ముద్దాయి చెప్పేవాడు. 1930ల్లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన రోల్లా హార్గర్ మనిషి వదిలిన ఊపిరిలోని ఆల్కహాలును కొలిచే యంత్రాన్ని తయారుచేశాడు. 1939లో ఇండియానా రాష్ట్రం రక్తంలో 0.15 శాతం ఆల్కహాలు వుంటే మత్తులో వున్నట్టు భావించవచ్చునని చట్టం చేసింది. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ బ్రెతలైజర్‌ను కనిపెట్టాడు. పోలీసువాడి ముక్కు స్థానంలోకి అంకె వచ్చింది.

ఈ మార్పు సామాన్యమైంది కాదు. పోలీసువాడి ముక్కుకు ముద్దాయి సహకారం అక్కరలేదు. యంత్రానికి కావాలి. గొట్టంలోకి ఊదవలసినవాడు ముద్దాయే. ఊదనంటే యంత్రం మూగది. రక్తం తీయడమంటే చేయి పట్టి సూది గుచ్చాలి. శాస్త్రం కచ్చితమైన రుజువును చేతికిచ్చిన రోజునే ‘నిరాకరణ’ అనేది చట్టానికి పెద్ద సమస్యగా తయారైంది.

సరిగ్గా ఆ దశలోనే అమెరికా సుప్రీంకోర్టు ముందుకు మరో రకం కేసు వచ్చింది. అది రోడ్డు కేసు కాదు. 1949లో లాస్ ఏంజెలస్‌లో పోలీసులు ఒక ఇంట్లోకి జొరబడ్డారు. మంచం పక్కనున్న రెండు మాత్రలను ఆ ఇంటి మనిషి గబుక్కున మింగేశాడు. పోలీసులు అతణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయి, కడుపులోకి గొట్టం వేయించి, మందు పోయించి బలవంతంగా కక్కించారు. మాత్రల్లో మార్ఫిన్ దొరికింది. ఇదే రోచిన్ కేసు. 1952లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఇటువంటి పని మనిషి అంతరాత్మనే దిగ్భ్రాంతికి గురిచేస్తుందని జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ రాశాడు.

మరుసటి సంవత్సరమే న్యూయార్కు రాష్ట్రం కొత్త పద్ధతి తెచ్చింది. బలవంతంగా పట్టుకుని పరీక్ష చేయనక్కరలేదు. రోడ్డెక్కినవాడు పరీక్షకు ఒప్పుకున్నట్టే లెక్క. ఆపైన కాదంటే లైసెన్సు పోతుంది. 1970ల నాటికి అన్ని రాష్ట్రాలూ ఈ బాటనే పట్టాయి. బలప్రయోగం చేయకుండానే బలప్రయోగపు ఫలితం రాబట్టడం ఈ కల్పనలోని నేర్పు. మనం కథల్లో చేసే కల్పన జరగనిదాన్ని జరిగినట్టు నమ్మిస్తుంది. పాఠకుడికి అది కల్పన అని తెలుసు. చట్టకల్పన అట్లా కాదు. దాన్ని నమ్మినా నమ్మకపోయినా దాని పర్యవసానం అనుభవించవలసిందే.

3

మొదటి పెద్ద పరీక్ష 1957లో వచ్చింది. న్యూమెక్సికోలో ఒక పికప్ ట్రక్కు కారును ఢీకొని ముగ్గురు చనిపోయారు. ట్రక్కు నడిపినవాడు స్పృహలేకుండా ఆసుపత్రిలో పడివున్నాడు. పోలీసుల కోరిక మీద డాక్టరు అతని రక్తం తీశాడు. 0.17 శాతం ఆల్కహాలు తేలింది. దీని మీద వచ్చినదే బ్రైట్‌హాప్ట్ కేసు. ఆరుగురు న్యాయమూర్తులు అతనికి వ్యతిరేకంగా, ముగ్గురు అనుకూలంగా నిలిచారు. రక్తం తీయడం ఆ రోజుల్లో కోట్లమందికి మామూలు వ్యవహారం, కడుపు కక్కించడం వంటిది కాదు అని మెజారిటీ తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్, జస్టిస్ బ్లాక్, జస్టిస్ డగ్లస్ మాత్రం స్పృహలేని మనిషి ఎదురుతిరగలేదు గనుక అతని మీద బలప్రయోగం జరగలేదనడం కుదరదన్నారు. పెనుగులాడలేనివాడికి పెనుగులాడగలిగినవాడి కన్న తక్కువ రక్షణ వుండాలా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నకు అరవై ఏళ్ళ తరువాత కూడా సరైన జవాబు దొరకలేదని ముందు ముందు చూస్తాం.

1966 నాటి ష్మెర్బర్ కేసు ఈ చరిత్రకంతకూ మూలస్తంభం. లాస్ ఏంజెలస్‌లో ఒక కారు జారి, రోడ్డు దాటి చెట్టును కొట్టింది. గాయపడి ఆసుపత్రిలో వున్న డ్రైవరును అక్కడే అరెస్టు చేశారు. న్యాయవాది సలహా మేరకు రక్తం ఇవ్వనని అతడు స్పష్టంగా చెప్పాడు. అయినా తీశారు. అమెరికా రాజ్యాంగం అయిదవ సవరణ ప్రకారం తనకు వ్యతిరేకంగా తానే సాక్షిగా వుండమని ఎవరినీ నిర్బంధించరాదు. తన రక్తం చేత తనమీదనే సాక్ష్యం చెప్పించారన్నది అతని అప్పీలు.

అయిదుగురు కాదన్నారు, నలుగురు అవునన్నారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బ్రెన్నన్ తర్కం ఇది: రాజ్యాంగం కాపాడేది మనిషి చెప్పే మాటను, తెలియజేసే భావాన్ని. రక్తం ఏమీ చెప్పదు. అది వస్తువు మాత్రమే. వేలిముద్ర, ఫోటో ఎటువంటివో రక్తమూ అటువంటిదే.

ఈ తీర్పు వెలువడిన తేదీని గమనించాలి. జూన్ 20. అంతకు సరిగ్గా వారం ముందు, జూన్ 13న, అదే కోర్టు మిరాండా తీర్పు ఇచ్చింది. పోలీసుల అదుపులో వున్న మనిషికి మౌనంగా వుండే హక్కు వుందని, ఆ సంగతి అతనికి చెప్పి తీరాలని శాసించిన ప్రసిద్ధమైన తీర్పు అది. అక్కడా ఓట్లు అయిదు, నాలుగే. వారం తిరిగేసరికి అవతలి పక్షానికి మారినవాడు బ్రెన్నన్ ఒక్కడే. ఆ ఒక్క ఓటుతో అమెరికా చట్టంలో మనిషి రెండుగా చీలిపోయాడు. నోరు మౌనంగా వుండవచ్చు. నరం మౌనంగా వుండడానికి వీలులేదు.

జస్టిస్ బ్లాక్ భిన్నతీర్పు మన సాహిత్య విద్యార్థులు చదవదగ్గది. మనిషి దగ్గరున్న నిర్జీవమైన కాగితాలను బలవంతంగా తెప్పించరాదట గాని, అతని సజీవమైన రక్తాన్ని తోడి శిక్ష వేయవచ్చునట, ఇదేం విలువల వరస అని ఆయన నిలదీశాడు. ఇది వట్టి అలంకారం కాదు. దీని వెనుక 1886 నాటి బాయిడ్ కేసు వున్నది. విదేశాల నుంచి గాజుపలకలు దిగుమతి చేసుకున్న వ్యాపారులను ఇన్వాయిసు చూపమని ప్రభుత్వం అడిగింది. అట్లా నిర్బంధించడం వ్యాపారులను వాళ్ళకు వ్యతిరేకంగా వాళ్ళచేతనే సాక్ష్యం చెప్పించడమేనని ఆనాడు సుప్రీంకోర్టు అన్నది. కాగితాలకున్న ఆ రక్షణ తరువాత, ముఖ్యంగా 1976 నుంచి, చాలావరకు సడలిపోయింది. అయినా 1966 నాటికి వున్న వరస ఇదే: వర్తకుడి లెక్కల కాగితానికి ఒక గౌరవం, డ్రైవరు నరంలోని రక్తానికి మరో గౌరవం. చట్టం ఏ వర్గం ఆస్తిని చూసి భాష నేర్చుకున్నదో ఇక్కడ తెలుస్తున్నది. జస్టిస్ ఫోర్టాస్ మరింత సూటిగా, మనిషి వద్దంటుండగా రక్తం తీయడం హింసాచర్య అన్నాడు.

4

ష్మెర్బర్ తరువాత అప్పీళ్ళ తీరు మారింది. బలవంతంగా తీయడమే తప్పుకానప్పుడు, ఇవ్వననడానికి హక్కు ఎక్కడిది? నిరాకరించినవాడికి ఏ శిక్ష వేయవచ్చు?

1979లో వచ్చిన మోంట్రిమ్ కేసు మసాచుసెట్స్ రాష్ట్రానిది. పట్టుబడిన వ్యక్తి మొదట పరీక్షకు ఒప్పుకోలేదు. న్యాయవాదితో మాట్లాడిన తరువాత, ఇరవై నిమిషాలకే, పరీక్ష చేయండని తానే అడిగాడు. పోలీసులు చేయలేదు. తాగి నడిపాడన్న కేసు కోర్టులో నిలవలేదు. అయినా నిరాకరించినందుకు తొంభై రోజులు లైసెన్సు రద్దయింది. విచారణ లేకుండా ముందే రద్దుచేయడం అన్యాయమని అతడు అప్పీలు చేశాడు. అయిదుగురు న్యాయమూర్తులు రద్దును సమర్థించారు, నలుగురు వ్యతిరేకించారు. అతడు ‘సరే’ అన్న మాటను వినిపించుకోని చట్టం, ‘వద్దు’ అన్న మాటను మాత్రం తొంభై రోజులు గుర్తుపెట్టుకున్నది. లైసెన్సు పోవడమంటే ఏమిటో అదే కోర్టుకు తెలియనిది కాదు. లైసెన్సు మనిషి బతుకుతెరువుకు అత్యవసరం కావచ్చునని 1971లో బెల్ కేసులో ఆ కోర్టే చెప్పింది. బస్సు లేని ఊళ్ళో పనికి పోవలసినవాడికి తొంభై రోజులంటే తొంభై కూలిరోజులు.

1983 నాటి నెవిల్ కేసు భాషాపరంగా ఇంకా ఆసక్తికరం. దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక డ్రైవరు ఆగవలసిన చోట ఆగలేదు. పోలీసులు పట్టుకుని రక్తపరీక్ష చేయించుకోమంటే, బాగా తాగివున్నాను, పరీక్షలో నెగ్గను అన్నాడు. ఈ నిరాకరణను అతనిమీద సాక్ష్యంగా వాడవచ్చునా? ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడదన్నది. అమెరికా సుప్రీంకోర్టు వాడవచ్చునన్నది. నిరాకరణ మాటా, చేష్టా అన్న చిక్కులోకి జస్టిస్ ఓకానర్ దిగలేదు. సూది గుచ్చి తీయడమే న్యాయమైనప్పుడు, ఇస్తావా లేక ఫలితం అనుభవిస్తావా అని ఎంచుకోమనడం నిర్బంధం కాదు అన్నది ఆమె తర్కం. నిరాకరిస్తే లైసెన్సు పోతుందని పోలీసులు చెప్పారు గాని, దాన్ని కోర్టులో సాక్ష్యంగా వాడతామని చెప్పలేదు. అదీ తప్పుకాదన్నారు.

ఇక్కడ మొదటి కల్పన మీద రెండో కల్పన నిలబడుతున్నది. చట్టం ప్రకారం అతడు ముందే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు కాదన్నాడు గనుక, కాదనడంలో ఏదో దాచే ఉద్దేశం వుండాలి. గనుక కాదనడమే నేరానికి ఆనవాలు. ఒక కథలో పాత్ర ‘వద్దు’ అంటే మనం ఎన్ని కారణాలు ఊహిస్తాం! సూదికి భయం కావచ్చు, పోలీసు మీద అపనమ్మకం కావచ్చు, యంత్రం మీద అనుమానం కావచ్చు, నేరం కావచ్చు. కోర్టులో సర్కారు వకీలు జూరీ ముందు పెట్టేది మాత్రం చివరి కారణాన్నే.

1990లో మ్యూనిజ్ కేసులో శబ్దానికీ అర్థానికీ మధ్యనే గీత గీయవలసి వచ్చింది. పెన్సిల్వేనియాలో పోలీసులు ఒక డ్రైవరును, నీ ఆరో పుట్టినరోజు ఏ తేదీన వచ్చిందని అడిగారు. తెలియదన్నాడు. మాట ముద్దముద్దగా వున్నది. వీడియోలో అదంతా రికార్డయింది. నాలుక తడబడిన తీరు శారీరకం గనుక దానికి రక్షణ లేదన్నది కోర్టు. ఆరో పుట్టినరోజు తేదీ తెలియదన్న జవాబులోని విషయం మాత్రం సాక్ష్యమని, దానికి రక్షణ వున్నదని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు. శబ్దార్థాల సంబంధం గురించి మన ఆలంకారికులు ఎంత చర్చించినా, శబ్దాన్ని పోలీసులకు, అర్థాన్ని రాజ్యాంగానికి పంచిపెట్టవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. తాగినవాడి మాటను ఉచ్చారణ, భావం అని రెండు ముక్కలు చేసినప్పుడే ‘రక్తం ఏమీ చెప్పదు’ అన్న పాత సూత్రంలోని బలహీనత బయటపడింది. ఉచ్చారణ ఏమీ చెప్పకపోతే దాన్ని జూరీకి వినిపించడం ఎందుకు?

5

1980లలో తాగి నడిపేవాళ్ళ మీద ప్రజాగ్రహం చట్టాలను కఠినం చేసింది. కాలిఫోర్నియాలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి 1980లో ప్రారంభించిన తల్లుల సంస్థ దేశమంతా వ్యాపించింది. ఆ తల్లుల దుఃఖాన్ని లెక్కలోకి తీసుకోని హక్కుల చర్చ ఏకపక్షమవుతుంది. వాళ్ళ ఒత్తిడి వల్ల అనేక ప్రాణాలు నిలిచాయనడంలో సందేహం లేదు. అదే ఊపులో కొన్ని రాష్ట్రాలు ఇంకో అడుగు వేసి, పరీక్షకు నిరాకరించడాన్నే జైలుశిక్ష పడే నేరంగా చేశాయి.

2013లో మెక్‌నీలీ కేసులో కోర్టు కొంత వెనుకకు లాగింది. రక్తంలోని ఆల్కహాలు నిమిషనిమిషానికీ తగ్గిపోతుంది గనుక మేజిస్ట్రేటు వారంటు కోసం ఆగనక్కరలేదని మిస్సోరీ రాష్ట్రం వాదించింది. ఆ ఒక్క కారణం అన్ని సందర్భాలకూ చాలదని, తీరిక వున్నచోట వారంటు తీసుకోవలసిందేనని జస్టిస్ సోటోమయోర్ రాసింది. 2016 నాటి బర్చ్‌ఫీల్డ్ తీర్పు మూడు అప్పీళ్ళను కలిపి పరిష్కరించింది. అరెస్టయినవాడికి వారంటు లేకుండా శ్వాసపరీక్ష చేయవచ్చు, నిరాకరిస్తే శిక్షించవచ్చు. రక్తం మాత్రం వారంటు లేకుండా తీయరాదు, నిరాకరించినందుకు జైల్లో పెట్టరాదు. ఊపిరి ఎట్లాగూ వదిలేదే, రక్తం చర్మం చీల్చి తీయవలసింది, పైగా దాన్ని దాచిపెట్టి ఇతర విషయాలు కూడా లాగవచ్చు అని జస్టిస్ అలిటో భేదం చూపించాడు. మన చర్చకు ముఖ్యమైన మాట ఇంకొకటి వున్నది. రోడ్డెక్కినంత మాత్రాన మనిషి దేనికి ఒప్పుకున్నట్టు భావించవచ్చునో దానికొక హద్దు వుండాలని కోర్టు మొదటిసారిగా గట్టిగా చెప్పింది.

జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయింది. ఆ రాష్ట్ర రాజ్యాంగం మనిషిని తనకు వ్యతిరేకంగా మాట్లాడించడాన్నే కాదు, పని చేయించడాన్ని కూడా నిషేధిస్తుందని, యంత్రంలోకి గట్టిగా ఊదడం పనేనని 2017లో తీర్పు ఇచ్చింది. గనుక ఊదననడాన్ని సాక్ష్యంగా వాడరాదని 2019లో చెప్పింది. ఊపిరి తీయడం ప్రకృతి. చెప్పినట్టు ఊదడం చేష్ట. ఈ తేడాను పట్టుకున్నది జాతీయ న్యాయస్థానం కాదు, ఒక రాష్ట్ర న్యాయస్థానం.

అదే సంవత్సరం మిచెల్ కేసు వచ్చింది. విస్కాన్సిన్‌లో తాగిన మత్తులో వున్న ఒక మనిషిని పోలీసులు అరెస్టు చేసి స్టేషనుకు, అక్కడినుంచి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆసుపత్రి చేరేసరికే అతడు స్పృహ తప్పాడు, చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోవలసి వచ్చింది. పరీక్షకు నిరాకరించే అవకాశం వున్నదని తెలిపే ముద్రిత ప్రకటనను పోలీసు అధికారి ఆ వాలిపోయిన మనిషి ముందు పైకి చదివాడు. జవాబు రాలేదు. రక్తం తీయమన్నాడు. స్పృహలేనివాడు తన అంగీకారాన్ని వెనక్కు తీసుకోలేదని భావించాలని అప్పటి ఆ రాష్ట్ర చట్టం చెప్పింది.

శ్రోత లేని పఠనం అది. అయినా ఆ అధికారిని నవ్వడానికి లేదు. చట్టం చదవమన్నది, చదివాడు. సుప్రీంకోర్టులో విస్కాన్సిన్ రాష్ట్రం ‘ముందే ఒప్పుకున్నాడు’ అన్న వాదాన్నే ప్రధానంగా నిలబెట్టింది. శిక్షను కొట్టివేయకపోయినా, నలుగురు న్యాయమూర్తుల ప్రధాన అభిప్రాయం ఆ వాదం మీద ఆధారపడలేదు. స్పృహ తప్పిన సందర్భం అత్యవసర పరిస్థితి గనుక సాధారణంగా వారంటు అక్కరలేదన్నది. వారంటు తెచ్చుకునే తీరిక వున్నదని రాష్ట్రమే ఒప్పుకున్నప్పుడు అత్యవసరం ఎక్కడిదని సోటోమయోర్, గిన్స్‌బర్గ్, కేగన్ ప్రశ్నించారు. పెనుగులాడలేనివాడికి తక్కువ రక్షణ వుండాలా అన్న 1957 నాటి ప్రశ్న అక్కడే నిలిచివున్నది.

అరవై ఆరేళ్ళు రాజ్యం మోసుకు తిరిగిన ‘ఒప్పుకున్నట్టే’ అన్న మాటను, దాని బరువంతా పరీక్షకు నిలిచిన చోట, దానికి మేలు చేయదలచిన న్యాయమూర్తులే వాడుకోలేకపోయారు. ఈ చరిత్రలో నాకు కనిపించిన సారాంశం ఇదే.

6

ఈ కల్పన లేకుండా పని జరగదా? జరుగుతుందని బ్రిటన్ చూపించింది. బార్బరా కాసిల్ రవాణా మంత్రిగా వుండగా వచ్చిన 1967 నాటి రోడ్డు భద్రతా చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. తగిన కారణం లేకుండా నమూనా ఇవ్వకపోవడం నేరమన్నది. నువ్వు ముందే ఒప్పుకున్నావని ఎవరినీ నమ్మించబోలేదు. ఇవ్వు, లేకపోతే శిక్ష అని సూటిగా చెప్పింది. సూటిగా చెప్పింది గనుకనే కోర్టులు ఆ అధికారానికి హద్దులు కూడా సూటిగా గీయగలిగాయి. 1980లో మోరిస్ కేసులో, వెళ్ళిపొమ్మన్నా వినకుండా ఒక ఇంటి పడకగదిలోకి వచ్చి నిలబడిన పోలీసులకు ఊపిరి పరీక్ష అడిగే అధికారం లేదని ప్రభువుల సభ తీర్పు చెప్పింది. తరువాత పార్లమెంటు 1981లో చట్టం మార్చి, మనుషులు గాయపడిన ప్రమాదాల్లో ఇంట్లోకి ప్రవేశించే అధికారం పోలీసులకు ఇచ్చింది. అధికారం కావాలంటే శాసనసభలో అడిగి తీసుకోవాలి, ‘అంగీకారం’ అన్న పదం చాటున కాదు.

మన దేశపు చట్టం ఈ విషయంలో అమెరికా కన్న బ్రిటనుకే దగ్గర. మన రాజ్యాంగంలోని 20వ అధికరణం మూడో ఖండం కూడా, నేరారోపణకు గురైనవాణ్ణి తనకు వ్యతిరేకంగా సాక్షిగా వుండమని నిర్బంధించరాదనే చెబుతుంది. ష్మెర్బర్ కన్న అయిదేళ్ళు ముందే, 1961లో, కథీ కాలూ ఓఘడ్ కేసులో మన సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం వేలిముద్ర, చేతిరాత ఇవ్వడం ‘సాక్షిగా వుండటం’ కాదని చెప్పింది. 1971లో బచూభాయి కేసులో ఇంకో మాట అన్నది. వాసన, తూలడం, కంటిపాప విచ్చుకోవడం – ఇవి మాత్రమే వుంటే చాలదు, రక్తమో మూత్రమో పరీక్షించకుండా తాగినట్టు కచ్చితంగా తేల్చలేమన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. తగిన కారణం చూపకుండా పరీక్షకు నిరాకరిస్తే, ఆ నిరాకరణ ప్రాసిక్యూషను సాక్ష్యానికి ఊతమిచ్చే పరిస్థితిగా భావించవచ్చునని 205వ సెక్షను చెప్పింది. తాగి నడిపిన మొదటి నేరానికి వున్న 2,000 రూపాయల జరిమానాను 2019లో 10,000 చేశారు. ఆటో నడిపేవాడికీ సొంతకారులో పోయేవాడికీ మొత్తం ఒక్కటే. ఒకరికి అది నెల బత్తెం, మరొకరికి ఒక సాయంత్రపు ఖర్చు.

నార్కో పరీక్షల విషయంలో 2010 నాటి సెల్వి తీర్పు, మనసులోని మాటను మందిచ్చి లాగడం నిర్బంధ సాక్ష్యమేనన్నది. గీత మన దగ్గర కూడా ‘చెప్పడం’ దగ్గరే పడింది. వేలిముద్రను గురించి మాత్రం తెలుగు రచయితలకు న్యాయమూర్తులకు తెలియని సంగతి ఒకటి తెలుసు. ప్రోనోటు మీద వేలిముద్ర వేసిన పాలేరు ఏ మాటా మాట్లాడలేదు. అయినా అతని జీవితమంతా ఆ ముద్రలోంచే మాట్లాడింది. కాగితంలో ఏం రాశారో తెలియకుండానే అతడు ‘ఒప్పుకున్నవాడు’ అయ్యాడు.

7

నా అభిప్రాయం మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, పరీక్ష అవసరం. తాగి నడిపేవాణ్ణి రోడ్డు మీద వదలడానికి వీల్లేదు. రెండు, ఆ పరీక్ష నిర్బంధమైతే దాన్ని నిర్బంధమనే పిలవాలి. నిర్బంధమని పిలిస్తే ఎవరు చేయవచ్చు, ఎక్కడ చేయవచ్చు, ముందుగా ఏ మేజిస్ట్రేటును అడగాలి అన్న ప్రశ్నలు తప్పనిసరిగా లేస్తాయి. అంగీకారమని పిలిస్తే అవేవీ లేవవు. ఒప్పుకున్నవాడి విషయంలో ఎవరిని అడగాలి? మూడు, ‘వద్దు’ అన్న మాటకు పోలీసులు చెప్పే అర్థం ఒక్కటే కాదు. ఆ ఒక్క అర్థాన్నే ఖాయం చేసే చట్టం చెడ్డ విమర్శకుడిలాంటిది.

ఇక సాహిత్యం సంగతి. మన కథల్లో ‘ఆమె తల వంచుకుంది’ అన్న వాక్యం ఎన్నిసార్లు అంగీకారంగా చెల్లిపోయిందో లెక్కలేదు. ‘కూలీలు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు’ అన్న వాక్యమూ అంతే. తల వంచుకున్న మనిషి ఏమన్నదో, మారు మాట్లాడనివాళ్ళు ఏమనదలిచారో రచయిత వాళ్ళ తరఫున ముందే నిర్ణయించేస్తున్నాడు. అమెరికా కోర్టులకు ఇన్ని దశాబ్దాలుగా అప్పీళ్ళు మోసుకుపోయినవాళ్ళలో నిజంగా తాగి నడిపినవాళ్ళే ఎక్కువ కావచ్చు. అయినా వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్న: నేను ఒప్పుకున్నానని నువ్వెట్లా చెబుతావు? శాసనకర్తను ఆ ప్రశ్న అడగదలచిన రచయిత, దాన్ని ముందుగా తన రాతప్రతి మీద వేసి చూసుకోవాలి.